ఆముదం నుంచి 20డబ్ల్యూ-40 దాకా



మన తాతలు ఎద్దుబండి ఇరుసుకు కందెన పూసేవారు. ఆముదంలో గడ్డి మసి కలిపి చేసేది. మోటారు వచ్చిన కొత్తలో దొరలు కూడా ఆముదం దగ్గరికే వచ్చారు. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన నూనెకు పెట్టిన క్యాస్ట్రాల్ అనే పేరు ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి పుట్టిందే.

ఏ నూనె ఎంత చిక్కనో చెప్పడానికి అమెరికాలో ఎస్.ఏ.ఇ. అనే ఇంజనీర్ల సంఘం 1911లో ఒక లెక్క తెచ్చింది. ఆ నంబరు తూకం కాదు, చిక్కదనం. అక్కడి చలికి నూనె ముద్దయి బండి స్టార్ట్ కాదు. అందుకని చలికాలానికి పలచనిది, ఎండకు చిక్కనిది మార్చి పోసేవారు. రెండూ చేసే మల్టీగ్రేడ్ తర్వాత వచ్చింది. డబ్ల్యూ అంటే వింటర్. 20డబ్ల్యూకి పరీక్ష సున్నాకు కింద 15 డిగ్రీల్లో. వేలూరుకి ఆ చలి ఎక్కడిది! రెండో నంబరు 100 డిగ్రీల వేడిలో చిక్కదనం.

అంబాసిడర్, పద్మిని కాలంలో మనకు 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 సరిపోయాయి. ఆ అలవాటుతోనే ఇప్పుడూ "కత్తిరి ఎండ కదా, చిక్కనిదే పొయ్యి" అంటున్నారు. నేను ఒప్పుకోను. నీళ్లతో చల్లబడే ఇంజనులో థర్మోస్టాట్ ఉంటుంది. బయట ఊటీ అయినా వేలూరు అయినా లోపలి వేడి ఇంచుమించు ఒకటే. కొత్త ఇంజనుకు 0డబ్ల్యూ-20 అని ఉంటే, 20డబ్ల్యూ-50 పొద్దున పైదాకా ఎక్కడానికి ఆలస్యం, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. పద్మిని ఇంకా నడిపేవాళ్లకు మాత్రం పాత లెక్కే.

ఉగాదికి ఊరు పోయే ముందు ఆయిల్ మార్చేవాళ్లు బండితో ఇచ్చిన పుస్తకం తీసి చూడండి. మెకానిక్ చేతిలోని డబ్బా చూసి తల ఊపకండి.