కవిలెకట్ట ఎవరి సొత్తు?

కైఫీయతులు చదివినప్పుడల్లా నన్నొక ప్రశ్న వేధిస్తుంది: ఊరి లెక్క ఊరికెందుకు తెలియలేదు?

1800లో నిజాం వదులుకున్న సీమకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టాడు. ఏ చేను ఎవరిదో, శిస్తెంతో అప్పటికి కరణానికే ఎరుక. 1802లో పొలాల కొలత మొదలుపెట్టించి మన్రో ఆ గుట్టును కచేరీకి చేర్చాడు. కరణాల కవిలెల నుంచే కావలి సోదరుల వంటివారు కాలిన్ మెకంజీ కోసం గ్రామ చరిత్రలు సేకరించారు. కలెక్టరుకు అది రాబడి, సర్వేయరుకు చరిత్ర. వాన రాక పంట ఎండిన రైతుకు మాత్రం, తన శిస్తును నిర్ణయించే ఆ కాగితం అందని పండే.

1984లో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం కరణీకాన్ని రద్దు చేసింది. దస్తరాలు చేతులు మారాయి, అంతే. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ఆరంభమైంది. దాని సామాజిక తనిఖీల్లో కూలీల మస్టరు ఊరందరి ముందూ చదివారు. పనికి పోనివారి పేర్లు బయటపడ్డాయి.

కచేరీలు తమలో తాము పంచుకున్నంత కాలం అది గుట్టే. ఊరు విన్ననాడే అది లెక్క అయిందని నా అభిప్రాయం. మీరేమంటారు?