తల్లి ఒడి నుండి రక్షణ సీటు దాకా

కారులో పసిబిడ్డను ఎక్కడ కూర్చోబెడతారని అడిగితే మీలో చాలామంది "ఒడిలో" అనే చెబుతారు. బిడ్డకు తల్లి ఒడిని మించిన చోటు లేదన్న నమ్మకం ఇంట్లో ఎంత నిజమో, పరుగెత్తే వాహనంలో అంత ప్రమాదకరం. ఈ సంగతి గ్రహించడానికి ప్రపంచానికి చాలాకాలం పట్టింది. ఆ చరిత్రను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

1930లలో అమెరికాలో పిల్లల కారు సీట్లు అమ్మకానికి వచ్చాయి. అయితే అవి రక్షణ కోసం కాదు. బిడ్డ కాస్త ఎత్తున కూర్చుని కిటికీలోంచి చూడాలి, అల్లరి చేయకుండా ఒకచోట ఉండాలి, అంతే. పెద్దలకైనా, నడుమునూ భుజాన్నీ కలిపి పట్టే నేటి బెల్టును వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించింది 1959లోనే. 1962లో బ్రిటన్‌లో జీన్ ఏమ్స్, అమెరికాలో లియొనార్డ్ రివ్‌కిన్, ఎవరికి వారే, పిల్లల రక్షణకు ఉద్దేశించిన సీట్లు తయారుచేశారు.

స్వీడన్‌కు చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్ ఆలోచన వేరు. జెమిని వ్యోమనౌకలో వ్యోమగాములు ఒత్తిడినంతా వీపుతో తట్టుకునేలా పడుకోవడం ఆయనను ఆకర్షించింది. 1964లో ఆయన వెనుకకు తిరిగి ఉండే పిల్లల సీటు నమూనాను పరీక్షించారు. శిశువు తల శరీరం పొడవులో దాదాపు నాలుగో వంతు. మెడ మాత్రం బహు లేత. ముఖం ముందుకు ఉంటే కుదుపుకు ఆ తల విసురుగా వంగుతుంది. వెనుకకు తిరిగి ఉంటే దెబ్బ వీపంతా పరచుకుంటుంది.

ఒడి మాట లెక్క వేసి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనులో పదో వంతులో ఆగిందనుకుందాం. 10 కిలోల బిడ్డను పట్టి ఆపాలంటే చేతుల మీద సుమారు 140 కిలోల బరువుకు సమానమైన బలం పడుతుంది. ఏ తల్లి చేతులు ఆపగలవు? బెల్టు లేని తల్లి అయితే తానే బిడ్డ మీద పడుతుంది.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల వైద్యుడు ఈ మాటే శాసనసభ్యులకు పదేపదే చెప్పారు. పిల్లల సీటును తప్పనిసరి చేసే చట్టం అక్కడ 1977లో ఆమోదం పొంది, 1978 జనవరి 1న అమలుకు వచ్చింది. ఆ దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. కానీ సభ్యులు ఒక మినహాయింపు చేర్చారు: పెద్దలు బిడ్డను ఎత్తుకుని ఉంటే చాలునట! చట్టం ఏ అలవాటును మాన్పించదలచిందో దానికే అనుమతి దొరికింది. దాన్ని వ్యతిరేకించినవారు "పిల్లల్ని నలిపే సవరణ" అని పేరుపెట్టారు. 1981లో గాని అది రద్దు కాలేదు. 1985 నాటికి అమెరికా రాష్ట్రాలన్నిటిలోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి.

మన దేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 194-బి సెక్షన్‌ను చేర్చింది. 14 ఏళ్ళు నిండని పిల్లలకు బెల్టు గాని, పిల్లల రక్షణ సీటు గాని లేకుండా బండి నడిపితే 1,000 రూపాయల జరిమానా. అయితే మన కుటుంబాలలో ఎన్నో కారులో కాదు, స్కూటరు మీద తిరుగుతాయి. తండ్రికి ముందు పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్న బిడ్డను మీరు రోజూ చూస్తూనే ఉంటారు. నా దృష్టిలో 2022 ఫిబ్రవరిలో వెలువడి ఏడాది తరువాత అమలైన కేంద్ర నిబంధన మన వీధులకు మరింత దగ్గరిది. నాలుగేళ్ళ లోపు బిడ్డను నడిపేవారికి కలిపి ఉంచే పట్టీ, తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.