కంపోంగ్ గ్లామ్: వారసుల తగవులో పుట్టిన పేట

1748లో నిజాం ఉల్ ముల్క్ కన్నుమూశాక హైదరాబాద్ గద్దె కోసం కొడుకు నాసిర్ జంగ్ వెనక ఇంగ్లీషువాళ్లు, మనవడు ముజఫర్ జంగ్ వెనక ఫ్రెంచివాళ్లు చేరిన ముచ్చట మనకు తెలిసిందే. సింగపూర్ కథా అదే బాణీలో మొదలైంది. 1812లో, సింగపూర్ ఎవరి ఏలుబడిలో ఉండేదో ఆ జొహోర్-రియావు సుల్తాన్ మహమూద్ చనిపోయేనాటికి పెద్దకొడుకు హుసేన్ పహాంగ్‌లో ఉన్నాడు. బుగిస్ తెగ పెద్దలు తమ్ముడు అబ్దుల్ రహమాన్‌ను గద్దెనెక్కించారు. డచ్చివాళ్లు తమ్ముడి పక్షం. ఇక ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అధికారి రాఫిల్స్‌కు అన్నతో అవసరం పడింది. 1819 ఫిబ్రవరి 6న హుసేన్‌ను సుల్తానుగా ఒప్పుకుని, ఏటా 5,000 స్పానిష్ డాలర్లు ఇస్తానని రాసిచ్చి, సింగపూర్‌లో కంపెనీ కోఠీకి అనుమతి సంపాదించాడు.

పడవల సందులు పూడ్చడానికి పనికొచ్చే బెరడు గల గెలమ్ చెట్ల పేరు మీద వెలసిన కంపోంగ్ గ్లామ్‌లో సుల్తానుకు స్థలం కేటాయించారు. పరివారం వెంటే బుగిస్, జావా, అరబ్బు వర్తకులు దిగారు. 1824లో డచ్చివాళ్లు సింగపూర్‌పై అభ్యంతరం వదులుకున్నారు. అదే ఏడు అక్కడి కంపెనీ రెసిడెంట్ క్రాఫర్డ్ కుదిర్చిన ఒప్పందంతో ద్వీపం మొత్తం కంపెనీపరమైంది. పని తీరాక సుల్తానుకు మిగిలింది భరణం. హుసేన్ 1835లో మలక్కాలో పోయాడు. నేడు కనిపించే రాజభవనం కొడుకు అలీ కట్టించింది.

రాజ్యం పోయినా పేట చితికిపోలేదు. నా దృష్టిలో దాని అసలు చరిత్ర ఇక్కడే ఉంది. బుస్సోరా వీధి హజ్ యాత్రికుల మజిలీ అయింది. చుట్టుపక్కల ద్వీపాల నుంచి వచ్చి ఓడ ఎక్కేవాళ్లకు బస, సరుకులు అన్నీ అక్కడే. పాత మసీదు చోట 1932లో పూర్తయిన సుల్తాన్ మసీదు గుమ్మటాల అడుగున వరసగా మెరిసేవి సీసాల అడుగుభాగాలు. పేదలు కూడా తమవంతు ఇవ్వాలని వాటిని సేకరించారు. సుల్తాను పేరున్న కట్టడంలో నాకు నచ్చేది ఆ వరసే.

1890ల చివర హుసేన్ వంశంలో వారసుల తగవు మళ్లీ రేగి, ఈసారి కోర్టుకెక్కింది. సుల్తాను పదవికి హక్కుదారు ఎవరూ లేరు కాబట్టి పేటలో సుల్తానుకిచ్చిన భూమి ప్రభుత్వానిదేనని తీర్పొచ్చింది. సింహాసనం ఎవరిదో తేల్చి ద్వీపం పుచ్చుకున్నవాళ్లే, ఇప్పుడు సింహాసనమే లేదని తేల్చి స్థలమూ పుచ్చుకున్నారు! 1904 చట్టం మాత్రం ఆ కుటుంబానికి నివాస హక్కు, భత్యం మిగిల్చింది. 1989లో పేట సంరక్షణ ప్రాంతమైంది. పదేళ్లకు భవనంలో ఉన్న ఆఖరి వారసులు ఖాళీ చేశారు. 2005 నుంచి అది మలయ్ వారసత్వ కేంద్రం. అక్కడ చూపేది మలయ్ సమాజం మొత్తం కథ. హుసేన్ వంశం అందులో ఒక అధ్యాయం.