ఓక్ ట్రీ రోడ్డు మీద ఓడి గెలిచిన పోరు

న్యూజెర్సీలోని మా ఎడిసన్ పేరు చెప్పగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది ఓక్ ట్రీ రోడ్డు. చీరల కొట్లు, నగల దుకాణాలు, మిఠాయి అంగళ్లు, బిర్యానీ హోటళ్లతో కిటకిటలాడే ఆ రోడ్డు పొరుగున ఉన్న ఐసెలిన్‌నూ మా ఊరినీ కలుపుతుంది. ఇక్కడి మెన్లో పార్కులో ప్రయోగశాల నడిపిన థామస్ ఎడిసన్ పేరును 1954లో ఊరికి పెట్టుకున్నారు. అందుకే మా ఊరి చరిత్ర విద్యుద్దీపంతో మొదలైందనే అభిప్రాయం స్థిరపడిపోయింది. నిజానికి ఎడిసన్ ఇక్కడికి రావడానికి దాదాపు వందేళ్ల ముందే, 1777 జూన్ 26న, ఇదే రోడ్డు న్యూ డోవర్ రోడ్డును కలిసే చోట, ఇప్పుడు ఓక్ ట్రీ పాండ్ పార్కు ఉన్న పరిసరాల్లో, బ్రిటిష్ సైన్యానికీ అమెరికా కాంటినెంటల్ సైన్యానికీ పోరు జరిగింది. చరిత్రకారులు దాన్ని షార్ట్ హిల్స్ పోరు అంటారు. ఆ రోజు మైదానం బ్రిటిష్ వాళ్లకే దక్కింది. పాఠ్యపుస్తకాలు ఈ పోరును వదిలేయడానికి అదొక కారణం. స్వాతంత్ర్య సంగ్రామంలో ఏ పోరు కీలకమో తేల్చాలంటే సాయంత్రానికి మైదానం ఎవరి చేతిలో ఉందో చూస్తే చాలదని, మర్నాటి నుంచి ఎవరు ఏం చేయగలిగారో, ఏం చేయలేకపోయారో కూడా చూడాలని నా వాదన. ఆ లెక్కన 1777 తొలి ఆరు నెలల్లో మా చుట్టుపక్కల జరిగిన చిన్న పోరాటాలన్నీ కలిసి ఒక పెద్ద యుద్ధం. ఓక్ ట్రీ దాని చివరి ఘట్టం.

ముందు ఈ నేల ఎక్కడుందో చూడాలి. న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియా వెళ్లే దారి న్యూజెర్సీ నడుమ నుంచి పోతుంది. ఇప్పటి ఎడిసన్‌కు ఒక పక్క రారిటన్ నది మీది న్యూ బ్రన్స్‌విక్, ఇంకో పక్క సముద్రపు పాయ ఒడ్డున పెర్త్ ఆంబోయ్, ఉత్తరాన వాచుంగ్ కొండలు. న్యూయార్క్‌ను పట్టుకున్న బ్రిటిష్ సేనాని విలియం హౌ 1776 చలికాలానికి న్యూజెర్సీలో చాలా భాగాన్ని ఆక్రమించాడు. నవంబర్ 30న ఒక ప్రకటన వెలువరించి, అరవై రోజుల్లో రాజుకు విధేయత ప్రకటించినవాళ్లకు క్షమాభిక్ష పెడతానన్నాడు. వేలమంది వెళ్లి ప్రమాణం చేసి రక్షణపత్రాలు తీసుకున్నారు. డిసెంబర్ 20న లండన్‌కు రాసిన లేఖలో హౌ వచ్చే ఏడాది ఫిలడెల్ఫియా మీదికి నేలదారినే వెళ్తానన్నాడు. ఆ తేదీని గుర్తుపెట్టుకోవాలి. అప్పటికి న్యూజెర్సీ ప్రజలు లొంగిపోయారనీ, దారి తెరిచే ఉందనీ ఆయన నమ్మకం.

ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది డిసెంబర్ 26న ట్రెంటన్‌లో కాంటినెంటల్ సైన్యాధిపతి జార్జ్ వాషింగ్టన్ చేసిన దాడి. అక్కడ తొమ్మిది వందల మంది దాకా, బ్రిటిష్ పక్షాన పోరాడే హెసియన్ కిరాయి సైనికులు పట్టుబడ్డారు. 1777 జనవరి 3న ప్రిన్స్‌టన్‌లో మరో దెబ్బ తగిలింది. ఈ రెండూ అందరికీ తెలిసినవే. ఆ తర్వాత వాషింగ్టన్ మారిస్‌టౌన్ కొండల్లో చలికాలం విడిది చేశాడు. బ్రిటిష్ సైన్యం న్యూ బ్రన్స్‌విక్ నుంచి పెర్త్ ఆంబోయ్ దాకా ఉన్న సన్నని పట్టీలోకి ముడుచుకుంది. పుస్తకాలు ఇక్కడితో ఆపి సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియా పతనానికి దూకుతాయి. మా ఊరి కథ మొదలయ్యేది ఇక్కడే. వేల మంది సైనికులకు, వాళ్ల గుర్రాలకు తిండి కావాలి. సైనికుల తిండి మూడు వేల మైళ్ల అవతలి నుంచి ఓడల్లో వచ్చేది. గుర్రాల మేతను మాత్రం అంతా సముద్రం మీద తేలేరు. గుర్రం బతకకపోతే ఫిరంగి కదలదు, బండి కదలదు. కాబట్టి బ్రిటిష్ దళాలు చుట్టుపక్కల పొలాల మీద, కొట్టాల మీద, గడ్డివాముల మీద పడ్డాయి. వాళ్లు బయటికి వచ్చినప్పుడల్లా ఊరి మిలీషియా, కాంటినెంటల్ సైనికులు చెట్ల చాటు నుంచి, కంచెల వెనక నుంచి తుపాకులు పేల్చారు. చరిత్రకారులు దీన్ని మేత పోరు అంటారు.

ఆ పోరు జరిగిన చోట్లు మాకు రోజూ కనబడే ఊళ్లే. జనవరి 20న మిల్‌స్టోన్ దగ్గర ఫిలెమన్ డికిన్సన్ నాయకత్వంలోని మిలీషియా నడుములోతు చల్లటి నీళ్లలో ఏరు దాటి, మేతకు వచ్చిన బ్రిటిష్ దళాన్ని తరిమి బండ్లనూ గుర్రాలనూ స్వాధీనం చేసుకుంది. ఫిబ్రవరి 1న డ్రేక్ పొలంలో పోరు జరిగింది. అది నాలుగు పక్కలా మా ఊరే చుట్టుకుని ఉన్న మెటుచెన్ దగ్గరిది. ఫిబ్రవరి 8న క్విబుల్‌టౌన్‌లో, 23న ఇప్పటి రావే అయిన స్పాంక్‌టౌన్‌లో మళ్లీ తలపడ్డారు. ఇప్పుడు ఎడిసన్‌లో భాగమైన బోనంటౌన్‌లో, పిస్కాటవే పాత ఊళ్లో బ్రిటిష్ వాళ్ల స్థావరాలు ఉండేవి. మే 10న ఆ పాత ఊళ్లోని హైలాండర్లనే బ్రిటిష్ దళం మీద అమెరికన్ జనరల్ ఆడం స్టీఫెన్ దాడి చేసి నష్టపోయాడు. గెలిచానని గొప్పగా చెప్పుకుని వాషింగ్టన్ చేత చీవాట్లు కూడా తిన్నాడు. విడివిడిగా చూస్తే వీటిలో ఒక్కటీ మహాయుద్ధం కాదు. కలిపి చూస్తే లెక్క మారుతుంది. ఆ చలికాలం పోరాటాల్లో బ్రిటిష్ పక్షం పోగొట్టుకున్న మనుషులు తొమ్మిది వందలకు పైనే అని చరిత్రకారుడు డేవిడ్ హాకెట్ ఫిషర్ అంచనా. ట్రెంటన్‌లో ఒక్క ఉదయం పట్టుబడినంత మంది, చప్పుడు లేకుండా, పల్లెదారుల మీద తరిగిపోయారన్నమాట.

రాజుకు ప్రమాణం చేసిన జనమే ఎదురు తిరగడానికి సిద్ధాంతాలకంటే ముందు పనిచేసింది దోపిడీ. రక్షణపత్రం చూపించినా హెసియన్లు, బ్రిటిష్ సైనికులు ఇళ్లలో చొరబడి పశువులను తోలుకుపోయారు. ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారాలపై అమెరికా కాంటినెంటల్ కాంగ్రెస్ కమిటీ 1777లో ప్రమాణపూర్వక వాంగ్మూలాలు సేకరించింది. యుద్ధం చివర్లో న్యూజెర్సీ ప్రభుత్వం ఊరూరా నష్టాల జాబితాలు రాయించింది. ఆ జాబితాల్లో బ్రిటిష్ వాళ్లు చేసిన నష్టాలతోపాటు అమెరికన్ సైన్యం చేసిన నష్టాలకూ చోటుంది. కాబట్టి ఒక పక్షం దొంగలు, మరో పక్షం ధర్మాత్ములు అని చెప్పడం సరికాదు. తేడా మరోచోట ఉంది. హౌ రక్షణ ఇస్తానని మాట ఇచ్చి నిలుపుకోలేకపోయాడు. వాషింగ్టన్ జనవరి 25న, బ్రిటిష్ పత్రాలు తీసుకున్నవాళ్లు వాటిని అప్పగించి అమెరికాకు విధేయత ప్రకటించాలని, లేదా ముప్పై రోజుల్లో శత్రువు పక్షానికి వెళ్లిపోవాలని ఆజ్ఞాపించాడు. రైతుకు నడిమి దారి లేకుండా పోయింది.

ఇక జూన్ సంగతి. మే చివరికి వాషింగ్టన్ మిడిల్‌బ్రుక్ కొండల మీదికి చేరాడు. కింద మైదానం మీద కదిలే ప్రతి బండీ అక్కడి నుంచి కనబడుతుంది. జూన్ మధ్యలో హౌ పెద్ద సైన్యంతో న్యూ బ్రన్స్‌విక్ దాటి ముందుకు వెళ్లి, వాషింగ్టన్ కిందికి దిగుతాడేమోనని చూశాడు. ఆయన దిగలేదు. 22న హౌ న్యూ బ్రన్స్‌విక్ ఖాళీ చేసి ఆంబోయ్‌కి వెనక్కి తగ్గాడు. తరుముకుంటూ అమెరికన్లు మైదానంలోకి దిగారు. హౌకు కావలసింది అదే. 26 తెల్లవారుజామున రెండు దండులు ఆంబోయ్ నుంచి బయలుదేరాయి. కుడి దండుకు నాయకుడు లార్డ్ కార్న్‌వాలిస్. వాషింగ్టన్ కొండల్లోకి తిరిగి ఎక్కకుండా కనుమదారులు మూసేయాలన్నది పథకం. ఉడ్‌బ్రిడ్జి దగ్గర కాపలా దళాలతో మొదలైన కాల్పుల మోత వాషింగ్టన్‌ను హెచ్చరించింది. కార్న్‌వాలిస్ దారికి అడ్డంగా ఓక్ ట్రీ ప్రాంతంలో నిలిచింది లార్డ్ స్టిర్లింగ్ అనే పేరుతో పిలిచే అమెరికన్ జనరల్ విలియం అలెగ్జాండర్. సుమారు రెండున్నర వేల మందితో, తనకంటే చాలా పెద్ద సైన్యాన్ని అడ్డగిస్తూ, వెనక్కి జరుగుతూ, మళ్లీ నిలబడుతూ ఆయన వెస్ట్‌ఫీల్డ్ వైపు తగ్గాడు. మండుటెండలో ఆ పెనుగులాట సాగుతుండగా వాషింగ్టన్ ప్రధాన సైన్యం క్షేమంగా కొండల మీదికి చేరింది. హౌ ఆంబోయ్‌కి తిరిగొచ్చి, జూన్ 30న స్టాటెన్ ద్వీపానికి దాటాడు. మా చుట్టుపక్కల బ్రిటిష్ ఆక్రమణ అక్కడితో ముగిసింది.

ఓడిపోయిన పోరును పనిగట్టుకుని గెలుపుగా చూపిస్తున్నారన్న ఆక్షేపణ రావచ్చు. స్టిర్లింగ్ ఇత్తడి ఫిరంగులు మూడు పోగొట్టుకున్నాడు. అమెరికన్లు 63 మంది చనిపోయారని, రెండు వందల మందికి పైగా గాయపడటమో పట్టుబడటమో జరిగిందని హౌ లండన్‌కు రాశాడు. ఆ అంకెలను ఉన్నవున్నట్టు ఒప్పుకున్నా నా వాదనకు నష్టం లేదు. హౌ ఆ రోజు ఫిరంగుల కోసం బయలుదేరలేదు. వాషింగ్టన్ సైన్యాన్ని చుట్టుముట్టడానికి బయలుదేరాడు. అది జరగలేదు. దానికంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. ఫిలడెల్ఫియాకు సముద్రం మీద వెళ్లాలని హౌ ఏప్రిల్‌లోనే నిర్ణయించుకున్నాడు కాబట్టి జూన్ పోరు వల్ల మారిందేమీ లేదనవచ్చు. నిజమే, ఏప్రిల్ 2 నాటి లేఖలో ఆయన నేలదారి ఆలోచన మానుకుని, న్యూజెర్సీని వదులుకోవలసి రావచ్చని కూడా రాశాడు. డిసెంబర్ 20న నేలదారి అన్నవాడు ఏప్రిల్ 2కి సముద్రమార్గం ఎందుకన్నాడు? మధ్యలో గడిచింది ట్రెంటన్, ప్రిన్స్‌టన్, మేత పోరు. అడిగినంత సైన్యాన్ని లండన్ పంపకపోవడమూ ఒక కారణమే. అంత సైన్యం అవసరమైంది మాత్రం వెనక ఉన్న పల్లెలను నమ్మలేని స్థితి రావడం వల్లనే. ఆ ఏప్రిల్ లేఖ నా వాదనకు సాక్ష్యమే అవుతుంది. నిర్ణయం మేత పోరుది. ఆఖరుసారి వాషింగ్టన్‌ను నేల మీదే పట్టి తేల్చేద్దామన్న ప్రయత్నం ఓక్ ట్రీది. అదీ తప్పాక ఓడలే దిక్కయ్యాయి.

ఆ ఓడల ప్రయాణానికి బ్రిటన్ పెద్ద మూల్యమే చెల్లించింది. న్యూ బ్రన్స్‌విక్ నుంచి ఫిలడెల్ఫియా అరవై మైళ్లు. హౌ జూలై 23న సముద్రంలోకి వెళ్లి, చెసపీక్ అఖాతం మీదుగా చుట్టు తిరిగి, ఆగస్టు 25న ఒడ్డుకు దిగాడు. దారిలో గుర్రాలెన్నో చచ్చిపోయాయి. సెప్టెంబర్ 26న ఫిలడెల్ఫియాలోకి అడుగుపెట్టేసరికి, కెనడా నుంచి దిగివస్తున్న బ్రిటిష్ సేనాని బర్గోయిన్ సైన్యం హడ్సన్ లోయలో చిక్కుకుపోయింది. అక్టోబర్ 17న సారటోగాలో అది లొంగిపోయింది. 1778 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అమెరికాతో సంధి చేసుకుంది. అసలు కీలకమైనవి సారటోగా, యుద్ధాన్ని ముగింపుకు తెచ్చిన యార్క్‌టౌన్లేనని వాదించేవాళ్లు ఫ్రాన్స్ సాయాన్ని చూపిస్తారు. ఆ మాట కాదనలేం. అయితే బర్గోయిన్ ఒంటరి కావడానికి ఉత్తరాది కొండలు, అడవులు ఎంత కారణమో, హౌ సైన్యం నెలపైన సముద్రంలో ఉండిపోవడమూ అంతే కారణం. సారటోగా పంట కోతకొచ్చిన చోటు, నాట్లు పడింది మా దగ్గర.

మరో ప్రశ్నకు జవాబు చెప్పకుండా స్వాతంత్ర్యం గురించి రాయడం న్యాయం కాదు. ఎవరి స్వాతంత్ర్యం? అప్పటి న్యూజెర్సీలో బానిసలున్నారు. 1775 నవంబర్‌లో ష్రూస్‌బరీ నుంచి పారిపోయిన టైటస్ అనే బానిస బ్రిటిష్ పక్షాన చేరి, కర్నల్ టై పేరుతో మన్మత్ కౌంటీలో దాడులకు నాయకత్వం వహించాడు. ఆయనకు విముక్తి దొరికింది రాజు పక్షంలోనే. ఈ రాష్ట్రం క్రమక్రమ విముక్తి చట్టం చేయడానికి 1804 దాకా పట్టింది. బానిసత్వం పూర్తిగా తొలగడానికి దేశ రాజ్యాంగానికి పదమూడో సవరణే కావలసి వచ్చింది. కాబట్టి ఇక్కడ గెలిచింది అందరి స్వేచ్ఛ అని నేను అనను. ఒక సామ్రాజ్యం ఊళ్లను ఆక్రమించగలదు కానీ, ఊరి జనం సమ్మతి లేకుండా నిలుపుకోలేదని ఇక్కడ రుజువైంది. ఆ పాఠాన్ని తర్వాత అందరూ అందుకోవచ్చు. అందుకున్నారు కూడా.

తెలుగువాళ్లకు ఈ కథ పూర్తిగా పరాయిది కూడా కాదు. ఓక్ ట్రీ మీదికి దండెత్తి వచ్చిన కార్న్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా భారతదేశానికి వచ్చాడు. 1793లో బెంగాల్లో ఆయన తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతిని 1802 నుంచి మన సర్కారు జిల్లాల్లోనూ అమలు చేశారు. ఆ జమీందారీల బరువు మోసిన రైతుల మనవలూ మునిమనవలూ ఇప్పుడు ఆయన సైన్యం నడిచిన రోడ్డు మీదే కాపురాలుంటున్నారు. 2027 జూన్ 26కి ఈ పోరుకు రెండు వందల యాభై ఏళ్లు నిండుతాయి. పిల్లలకు యార్క్‌టౌన్ గురించి బడి ఎలాగూ చెబుతుంది. ఓక్ ట్రీ గురించి చెప్పవలసింది ఈ ఊరివాళ్లే. తెలుగు సంఘాలు ఏటా జరిపే కార్యక్రమాల్లో ఆ ఏడాది ఒకటి ఆ చెరువు దగ్గర, స్థానిక చరిత్ర సంఘాలతో కలిసి జరపాలి. ఊరిని మనదనుకున్నాక దాని చరిత్ర బాధ్యతా మనదే.