దమ్ చూడండి, దిల్ కూడా చూడండి

మా అబ్బాకి ఛాతీలో చిన్న రంధ్రాల ఆపరేషన్ అనగానే నిజాంసాగర్‌లో అమ్మీ ఘబరాయించింది: "ఒక ఊపిరితిత్తిని ఆపేస్తారట బేటా!"

నిజమే అమ్మీ అన్నాను. సర్జన్‌కి జాగా కావాలి కదా. రెండు దారుల గొట్టం వేసి, ఒక వైపు గాలి ఆపి, రెండో వైపు దమ్ నడిపిస్తారు. మన కాలువ తూముల్లాగే. గొట్టం పెద్దదైతే శ్వాసనాళానికి గాయం, మరీ చిన్నదైతే లోతుకు జారుతుంది. అందుకే మనిషిని బట్టి ఎంచుతారు. 1949లో స్వీడన్ డాక్టర్ కార్లెన్స్ ఇలాంటి గొట్టాన్ని పరిచయం చేశాడు.

అంతకు చాలా ముందే, 1888, 1889లలో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హుకూమత్‌లో హైదరాబాద్‌లో రెండు క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. నిజాం సర్కార్ ఖర్చు పెట్టుకుంది. సర్జన్ ఎడ్వర్డ్ లారీ మాట ఒక్కటే: నాడి కాదు, దమ్ చూడండి.

సగమే సచ్. క్లోరోఫామ్ గుండెను కూడా హఠాత్తుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపాడు.

అందుకే ఇప్పుడు దమ్, దిల్ రెండింటి మీదా కాపలా. మన హైదరాబాద్ ఖిద్మత్‌ని ఇజ్జత్‌తో చెప్పుకుందాం, గలతీని దాచొద్దు. ఆ గలతీ దిద్దుకున్నందుకే అబ్బా ఆపరేషన్‌కి నేను ధైర్యంగా సంతకం చేశాను. దువా చేయండి.