జాణతనం, కన్నింగ్: ఒకే ధాతువు, ఒకే పతనం



మా నిజాంపట్నం రేవుకు క్రీ.శ. 1611లో 'గ్లోబ్' అనే ఆంగ్లేయుల ఓడ వచ్చింది. నావికాధిపతి ఆంథొనీ హిప్పన్. అప్పటికే డచ్చివారు ఇక్కడ వర్తకం చేస్తున్నారు. ఈ తీరం గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉండేది. సమీపగ్రామమైన పెద్దపల్లి పేరును తమ నాలుకకు అనువుగా మలచుకొని ఆంగ్లేయులు దీనిని 'పెటపోలి' అన్నారు. అద్దకపు వస్త్రాలు, వాటికి ఎర్రరంగునిచ్చే చిరివేరు ఈ సీమకు ప్రసిద్ధి తెచ్చినవి. ఆ వర్తకవృత్తాంతాన్ని చరిత్రకారులు విస్తారంగానే వ్రాశారు. నా దృష్టి మాత్రం ఆ నావికుల నోటనున్న భాషపైకి పోయింది. బుద్ధినైశిత్యాన్ని చెప్పడానికి వారికి ఎన్ని పదాలో!

నాటి ఆంగ్లంలో 'విట్' అంటే కేవలం హాస్యచమత్కారం కాదు, బుద్ధి, వివేకం. వేదం, విద్య అనే శబ్దాలకు మూలమైన మన 'విద్' ధాతువుకు అది జ్ఞాతి. 'క్విక్' అంటే తొలుత ప్రాణమున్నది అని అర్థం. మన 'జీవ' శబ్దానికి చుట్టం. చురుకైనవాడనే భావం పిమ్మట వచ్చింది. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఏకమూలజన్యాలని ప్రతిపాదించిన తరువాతే ఇటువంటి బాంధవ్యాల పరిశోధన ఊపందుకొన్నది. అయితే ఆంగ్లం సంస్కృతపుత్రిక అని కొందరు ఉత్సాహంతో అంటుంటారు. అది సరికాదు. దూరపు దాయాది అనడమే న్యాయం.

అన్నిటికంటె నన్ను కలవరపరచినది 'కన్నింగ్' అనే మాట. ఇది మన 'జ్ఞా' ధాతువుకు సజాతీయం. గ్లోబ్ ఓడ ఇక్కడికి వచ్చిన ఆ 1611లోనే లండనులో వెలువడిన బైబిలు అనువాదంలో అది నేర్పరియైన శిల్పికి ప్రశంసావాచకం. నేడో, కపటానికి పర్యాయం. మనం నవ్వడానికి వీలులేదు. అదే 'జ్ఞా' ధాతువు ప్రాకృతం మీదుగా తెలుగులో 'జాణ' అయింది. విజ్ఞుడు, రసజ్ఞుడు అని చెప్పవలసిన ఆ మాటను ఇప్పుడు పెదవి విరిచి పలుకుతున్నాం. ఋగ్వేదంలో వరుణుని అద్భుతశక్తిని చెప్పిన 'మాయ' సైతం లోకవ్యవహారంలో మోసమైంది. జ్ఞానాన్ని స్వార్థానికి వాడుకొన్నవారిని తరతరాలుగా చూసి చూసి, లోకం ఆ మాటలనే శంకించసాగిందని నా అభిప్రాయం.

దీనికి విపరీతం కూడా జరిగింది. 'ష్రూడ్' అంటే మొదట దుష్టుడు. కాలక్రమాన అది వ్యవహారదక్షునికి మెప్పుగా మారింది! ఈ మార్పు నాకేమంత శుభసూచకంగా తోచదు.

మన 'విదగ్ధ' శబ్దానికి అక్షరార్థం బాగా కాలినవాడు అని. 'కుశల' శబ్దం మరీ రుచికరం. కుశలను గ్రహించేవాడు కుశలుడని వ్యుత్పత్తి. దర్భ అంచు కత్తివంటిది కనుక, చేయి తెగకుండ దానిని కోయగలవాడే నేర్పరి. కావ్యప్రకాశంలో మమ్మటుడు ఈ పదాన్ని రూఢిలక్షణకు ఉదాహరణగా తీసుకొన్నాడు. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు అంగీకరించలేదు. నేర్పరి అనేదే దాని ముఖ్యార్థమన్నాడు.

వేదపాఠశాలలో మమ్ము దర్భలకై కాలువగట్టుకు పంపేవారు. తొలినాళ్లలో నా వేళ్లన్నీ గాట్లే. విశ్వనాథుని తర్కం బలమైనదే కావచ్చు. నా వేళ్లు మాత్రం నేటికీ మమ్మటుని పక్షమే.