జెర్రిపోతు రాకపోయి ఉంటే

"ఊరికే ఏడిపించాంలే" అనడం మనకు అలవాటు. ఎదుటివారి చేత కన్నీరు పెట్టించడమని ఆ క్రియకు అర్థం. వాడుకలో మాత్రం అది సరదాకు మారుపేరై కూర్చుంది. ఆటపట్టించడం, వెక్కిరించడం, గేలిచేయడం అంటూ ఇన్ని మాటలున్న భాషలో, వాటికి గురైన పిల్లవాడిని గురించి చిన్నపిల్లలకు చదివి వినిపించదగిన బొమ్మల పుస్తకం ఏదైనా ఉందా అని వెతకవలసిన అవసరం నాకు ఆలస్యంగా కలిగింది.

మాదాపూరులో ఉద్యోగం, కొండాపూరులో కాపురం. రెండో తరగతిలో ఉండగా మా అమ్మాయి అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తేవడం మొదలుపెట్టింది. "ఆకలి వేయలేదు నాన్నా" అనేది. వాళ్ళమ్మ నాలుగు రోజులు బుజ్జగించాక గాని అసలు సంగతి బయటపడలేదు. ఒకనాడు పెట్టిన వంకాయ, ఎండురొయ్యల కూర వాసనకు పక్కపిల్లలు ముక్కులు మూసుకొని, ఆ కూర పేరునే దీనికి పెట్టేశారట. స్వతహాగా నోట్లో నాలుక లేని పిల్ల. ఆ మరునాటి నుంచి పెరుగన్నం కూడా ముట్టలేదు.

ఆ వెతుకులాటలో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగిన పుస్తక ప్రదర్శనలో చేతికి తగిలింది, చెన్నైలోని తూలికా ప్రచురణలవారి "కాళి అండ్ ది ర్యాట్ స్నేక్". జాయ్ విటేకర్ రచన, శ్రీవిద్యా నటరాజన్ బొమ్మలు, తొలి ముద్రణ 2000. కాళి ఇరుల కులపు పిల్లవాడు. తండ్రి పాములు పడతాడు. బడిలో తక్కిన పిల్లల తండ్రుల ఉద్యోగాల పక్కన ఈ వృత్తి వింతగా తోస్తుంది. మధ్యాహ్నం కాళి వేయించిన చెదపురుగులు తింటుంటే పిల్లలు దూరం జరుగుతారు. కాళి మాట్లాడడు, మాట్లాడించేవారూ ఉండరు. ఒకరోజు తరగతిలోకి జెర్రిపోతు వస్తుంది. పంతులుగారితో సహా అందరూ హడలిపోతే కాళి దాన్ని ఒడుపుగా పట్టుకుంటాడు. ఆపైన అందరూ అతని స్నేహితులే.

కథ వెనుక ఉన్న చరిత్ర గట్టిది. ఇరులవారు తరతరాలుగా పాములు పట్టేవారు. పాముచర్మాల వ్యాపారం వారికి కూడు పెట్టింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, ఆ తరువాతి ఎగుమతి నిషేధమూ ఆ బతుకుతెరువును మూసివేశాయి. 1978లో చెన్నై దగ్గర ఇరులవారి పాములవాళ్ళ సహకార సంఘం ఏర్పడింది. పామును పట్టి, విషం పిండి, తిరిగి అడవిలో వదలడం వారి పని. పాముకాటు మందు తయారీకి ఆ విషమే ముడిసరుకు. 2023లో ఇద్దరు ఇరుల పాములవాళ్ళకు, వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌లకు, పద్మశ్రీ ఇచ్చారు. ఎవరి కొడుకు పక్కన కూర్చోవడానికి పిల్లలు జంకారో ఆ వృత్తికి రాష్ట్రపతి భవన్ దాకా దారి పడిందన్నమాట.

ఆ చెదపురుగుల పుట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మాది నెల్లూరు జిల్లా. తొలకరికి పుట్టల నుంచి ఉసిళ్ళు లేస్తాయి. దీపం కింద నీళ్ళపళ్ళెం పెట్టి వాటిని పట్టి, రెక్కలు చెరిగి, వేయించుకొని తినడం మా వైపు తెలియని సంగతి కాదు. మా బడిలో ఒక యానాది పిల్లవాడు ఉండేవాడు. ఒక వానాకాలపు మధ్యాహ్నం ఆకులో చుట్టిన ఉసిళ్ళు తెచ్చుకొని, గోడవైపు తిరిగి కూర్చొని తిన్నాడు. అతనికి "ఉసిళ్ళోడు" అని పేరు పెట్టాము. పెట్టినవారిలో నేనూ ఉన్నాను. విచిత్రమేమిటంటే మా మేనత్త ఇంట్లో నేను కూడా అవి తిన్నవాడినే; ఆ సంగతి బయటపడుతుందేమోనన్న భయంతోనే కాబోలు, అందరికన్నా గట్టిగా అరిచాను. అర్ధసంవత్సర పరీక్షల తరువాత అతను బడికి రాలేదు. కారణం మేమేనని చెప్పలేను; కాదనీ చెప్పలేను. మా తరగతిలోకి ఏ జెర్రిపోతూ రాలేదు.

అందుకే కాళి కథ ఎంత నచ్చినా దాని ముగింపు నన్ను గుచ్చుతూనే ఉంది. పాము రాకపోయి ఉంటే? బిడియస్థుడైన పిల్లవాడు పక్కన కూర్చునే హక్కును ఒక సాహసం చేసి సంపాదించుకోవాలా? ముక్కు మూసుకున్నవారికి ఏ పరీక్షా లేదు గదా!

మన బాలసాహిత్యం ఈ ప్రశ్న దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 1945లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు నడిపిన "బాల", 1947 జూలైలో మొదలైన "చందమామ" మనకు చేసిన మేలు తక్కువది కాదు. కాని చందమామ కథల్లో గెలుపు ఎక్కువగా తెలివిది, లేదా మంచితనానిది. 1956-57లో ముళ్ళపూడి, బాపు కలిసి సృష్టించిన బుడుగు ఎవరినైనా ఏడిపించగలడు. బుడుగు చేతిలో చిక్కిన మెతక పిల్లవాడి వైపు నుంచి కథ రాయాలని మనకెవరికీ తోచలేదు. (బుడుగు మీద నాకు కోపం లేదు. కంఠతా వచ్చు.) సినిమాల సంగతి ఎత్తకపోవడమే మేలు, నత్తివాడు కనిపిస్తే హాలంతా నవ్వాలన్నది అక్కడి ఆచారం. చట్టం మాత్రం ముందే మేలుకుంది. ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. అయితే ఆ మాట వినగానే మన కళ్ళముందు మెదిలేది కాలేజీ హాస్టలే గాని రెండో తరగతి బెంచీ కాదు.

ఇక్కడే మన హైదరాబాదు పేరు చెప్పుకోవాలి. 1985లో మొదలైన అన్వేషి స్త్రీ అధ్యయన పరిశోధన కేంద్రం 2008లో "డిఫరెంట్ టేల్స్" అనే బొమ్మల పుస్తకాల వరుసను తెచ్చింది. డీసీ బుక్స్ ప్రచురణ. ఇంగ్లీషు, మలయాళం, తెలుగు భాషల్లో ఎనిమిది పుస్తకాలు. అందులో మా జిల్లావాడే, కావలి మహమ్మద్ ఖదీర్‌బాబు తలకాయ కూర కథ ఉంది. ఆదివారం పూట ఒక ముస్లిం ఇంట్లో మేకతలకాయ వండుకుంటారు, తింటారు. అంతే. ఎవరూ సంజాయిషీ చెప్పుకోరు, ఎవరినీ మెప్పించరు. ఎం.ఆర్. రేణుకుమార్ మలయాళ కథ పేరే "రెండు పేర్ల పిల్లవాడు". గోగు శ్యామల కథలో బాలమ్మను తాటకి అంటారు. రాక్షసి పేరు పెట్టి పిలిచినా ఆ పిల్ల ఆ పేరుతోనే నిలబడి గెలుస్తుంది.

ఈ పుస్తకాల్లో కొన్నింటికి వేరే కష్టాలు ఉన్నాయి. పెద్దవాళ్ళ ఆలోచన పిల్లల గొంతులో వినిపించే చోట్లు ఉన్నాయి, చిన్నపిల్లలకు బొమ్మలు కొన్ని బరువే. అయినా పిల్లవాడి బిడియం అతని స్వభావలోపం కాదనీ, డబ్బా, పేరు, తండ్రి వృత్తి చూసి చుట్టూ ఉన్నవారు నోరు నొక్కిన ఫలితమనీ ఇంత నేరుగా చూపిన పిల్లల పుస్తకాలు తెలుగులో అంతకు ముందు నేను చూడలేదు.

2008 అంటే శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన సంవత్సరం. సైబర్ టవర్స్ వచ్చి అప్పటికి పదేళ్ళు. శ్యామలగారి పెద్దేముల్, మా మాదాపూరు 2016 దాకా ఒకే రంగారెడ్డి జిల్లా. మా అద్దాల మేడలకు కూతవేటు దూరంలో ఇటువంటి పుస్తకాలు తయారైతే, వాటి ఊసు మా కాంటీన్లో నేను ఒక్కసారి కూడా వినలేదు. పిల్లల ఇంగ్లీషు ఉచ్చారణకు ఏ తరగతులు మంచివో మాత్రం చాలాసార్లు విన్నాను.

కాళి కథను మా అమ్మాయికి రెండు రాత్రులు చదివాను. రెండో రాత్రి అది పాము బొమ్మను దాటేసి, చెదపురుగులు తింటున్న కాళి దగ్గర ఆగింది. "మీ క్లాసులో ఇట్లాంటివాళ్ళు ఉండేవాళ్ళా నాన్నా?" అని అడిగింది. ఉండేవాడన్నాను. మేమేం చేశామో కూడా చెప్పాను. కాసేపు ఊరుకొని, "ఆ అబ్బాయి అసలు పేరేంటి?" అంది.

హాజరు పిలిచేటప్పుడు రోజూ విన్న పేరే. ఎంత తలచుకున్నా ఉసిళ్ళోడనే వచ్చింది.